గాలికి అడ్డుగా సరుగుడు: మూడెకరాల తోటలో రెండున్నరేళ్ల లెక్క

ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే నేను చేసిన తప్పులు మళ్లీ చేయకుండా ఉంటారని రాస్తున్నాను. తోట శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు వైపు, సముద్రానికి దగ్గర, ఇసుక నేల. నేను ఐటీఐ ఫిట్టర్ని, వ్యవసాయం నాన్నది. కొలతలు నావి, తిట్లు నాన్నవి.

దశ 0: పడిన చెట్ల లెక్క (2018 అక్టోబరు - నవంబరు)

అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140-150 కిలోమీటర్లు, విసురు 165 దాకా. కొట్టేసి ఎత్తేయకముందే టేపు, ఫోనులో దిక్సూచి పట్టుకుని ప్రతి చెట్టూ రాసుకున్నాను. ఈ ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాను.

- కొబ్బరి 118లో పడినవి 43. వేళ్లతో లేచినవి 29, మధ్యలో విరిగినవి 11, తల తెగినవి 3.
- జీడిమామిడి 64లో వేళ్లతో లేచినవి 38, నిలువునా చీలినవి 13. మిగిలినవి 13.
- తాడి 9. ఒక్కటీ పడలేదు.

వేళ్లతో లేచిన 67 చెట్లలో (కొబ్బరి 29, జీడి 38) నైరుతికి పడినవి 24, ఈశాన్యానికి పడినవి 39, మిగతా 4 అటూ ఇటూ. మొదట ఈ లెక్క నాకే అర్థం కాలేదు, ఎందుకంటే రాత్రంతా మేము భయపడింది ఈశాన్యం గాలికి. మన వైపు తుపాను సుడి గడియారానికి ఎదురు తిరుగుతుంది కాబట్టి, కన్ను, అంటే సుడి మధ్యలో గాలి ఆగే చోటు, వచ్చే ముందు గాలి ఈశాన్యం నుంచి కొడుతుంది, కన్ను దాటాక నైరుతి నుంచి. మా ఊళ్లో మధ్యలో కాసేపు గాలి ఆగింది, అయిపోయిందనుకుని జనం బయటికొచ్చారు కూడా. తర్వాత వచ్చిన రెండో గాలికే ఎక్కువ చెట్లు పోయాయి. అప్పటికి నేల నానిపోయింది, మొదటి గాలి వేళ్లని ఓ వైపు కదిపి వదిలేసింది, రెండోది అటు నుంచి ఇటు తోసింది. గోడలో మేకుని పీకాలంటే అటూ ఇటూ ఆడిస్తాం కదా, అదే.

ఇంకో లెక్క చూసి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. 2017లో తూర్పు గట్టు మీదున్న పాత సరుగుడు వరుసని కొట్టించి అమ్మేశాం, ఇంట్లో పెళ్లి ఖర్చు. దాని వెనకున్న మూడు వరుసల్లో కొబ్బరి 36, పడినవి 22. మిగతా తోటంతా కలిపి 82, పడినవి 21. ఆ మూడు వరుసలూ ముప్పై ఏళ్లు సరుగుడు చాటున పెరిగినవి. అడ్డు తీసేశాక ఎదురుగాలికి తగ్గట్టు వేళ్లు పెంచుకోవడానికి వాటికి ఏడాదికి మించి టైము దొరకలేదు. అడవిలో కూడా ఇదే జరుగుతుంది. అంచున ఉండే చెట్టు పొట్టిగా, లావుగా, గాలికి అలవాటు పడి ఉంటుంది. దాన్ని కొట్టేస్తే లోపలి సన్నటి చెట్లు ఒక్కసారిగా అంచున నిలబడాల్సి వస్తుంది.

అందుకే మళ్లీ తూర్పు గట్టు మీద సరుగుడు పెట్టాలని తేల్చుకున్నాం. 140 మీటర్ల పొడవు.

దశ 1: నాటడం, అంటే మొదటి తప్పు (2019 జులై)

మూడు వరుసలు, మొక్కకీ మొక్కకీ మీటరు, వరుసకీ వరుసకీ మీటరు. ప్రతి మొక్కకీ వెదురు కర్ర, పైనా కిందా నైలాన్ దారంతో బిగించి కట్టాను. గోడలా నిలబడాలి అన్నదే నా ఆలోచన. కర్రలు 380కే సరిపోయాయి, ఉత్తరం చివర 40 మొక్కలు కట్టకుండా వదిలేశాను. ఆ బద్ధకమే తర్వాత నాకు పాఠం చెప్పింది.

నాన్న గట్టు మీద కూర్చుని చూసి, "కర్ర కట్టేస్తే అది నిలబడ్డం ఎప్పుడు నేర్చుకుంటాదిరా?" అన్నాడు. నేను పట్టించుకోలేదు.

ఖర్చు: మొక్కలు 420 × 4 = 1,680. కర్రలు 380 × 7 = 2,660. దారం 260. గోతులకి కూలీ 2,400. ఆటో 600.
ఇప్పటిదాకా: రూ. 7,600. బతికున్నవి: 420.

దశ 2: కట్లు విప్పితే వాలిపోయాయి (2020 మార్చి)

ఎనిమిది నెలల్లో 31 మొక్కలు ఎండిపోయాయి. మిగతావి చూడ్డానికి బాగున్నాయి. ఇంక నిలబడతాయిలే అని మార్చిలో కట్లు విప్పితే 57 మొక్కలు పక్కకి వాలిపోయాయి. గాలి లేదు, వాన లేదు, వాటి బరువుకే వాలాయి.

అప్పుడు లాక్‌డౌన్ వచ్చింది, చేతినిండా ఖాళీ. మందం కొలిచే వెర్నియర్ తీసి నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో కాండం మందం కొలిచాను. కట్టినవాటిలో 40, కట్టని ఉత్తరం చివర బతికినవన్నీ.

- కట్టినవి: సగటు ఎత్తు 2.1 మీటర్లు, మందం 14 మి.మీ. ఎత్తుని మందంతో భాగిస్తే 150.
- కట్టనివి: సగటు ఎత్తు 1.7 మీటర్లు, మందం 19 మి.మీ. భాగిస్తే 89.

ఈ అంకె ఎంత పెద్దదైతే చెట్టు అంత సన్నంగా సాగినట్టు. పెద్ద చెట్లలో ఇది వంద దాటితే గాలికి నమ్మకం లేదంటారు. మొక్క ఊగినప్పుడల్లా కాండంలో సాగుడు పడుతుంది, దానికి జవాబుగా అది పొడవు తగ్గించుకుని లావెక్కుతుంది, వేళ్లు బలపరుచుకుంటుంది. మోర్డెకై జాఫ్ అనే శాస్త్రవేత్త 1973లో దీనికి థిగ్మోమార్ఫోజెనిసిస్ అని పేరు పెట్టాడు. నోరు తిరగని పేరు, నాన్న అన్న మాటే. అమెరికాలో ఆరిజోనా ఎడారిలో కట్టిన బయోస్ఫియర్ 2 గాజు భవనంలో కూడా చెట్లు గాలి తగలక బలహీనంగా పెరిగి వాలిపోయాయి. నేను అదే పని వెదురు కర్రలతో చేశాను.

మార్చినవి:

1. పై కట్లన్నీ తీసేశాను. తల ఎప్పుడూ స్వేచ్ఛగా ఊగాలి.
2. నిలబడలేని వాటికి మాత్రమే కొబ్బరి తాడుతో, ఎత్తులో మూడో వంతు దగ్గర, ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాను. కర్ర కాండానికి రాసుకోకూడదు.
3. మూడు నెలలకి ఆ కట్టు కూడా తీసేశాను.

వాలిన 57లో 21 లేచాయి. 36 పీకేశాను.

కొబ్బరి తాడు 180.
ఇప్పటిదాకా: రూ. 7,780. బతికున్నవి: 353.

దశ 3: సంచిలో చుట్టుకున్న వేళ్లు (2020 జులై)

పీకేసిన 36లో పదింటి వేళ్లు కడిగి చూశాను. ఎనిమిదింటికి వేళ్లు పాలిథిన్ సంచి ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. ఏడాది అవుతున్నా సంచి నుంచి బయటికి రాలేదన్నమాట. నర్సరీలో ఎత్తుగా ఉన్న మొక్కలు ఏరుకుని మరీ తెచ్చాను, అవి సంచిలో ఎక్కువ రోజులు ఉండిపోయిన మొక్కలు. తిత్లీకి లేచిన జీడి చెట్లలోనూ కొన్నింటికి తల్లివేరు నేలలోకి దిగకుండా అడుగున కొంకిలా వంగి ఉంది, అప్పట్లో ఫొటో తీసి ఊరుకున్నాను, సంగతి ఇప్పుడు వెలిగింది.

ఈసారి 70 మొక్కలు, ఇలా:

1. జానెడున్నర మించని మొక్కలే తేవాలి.
2. సంచి అడుగున అంగుళం మందం మట్టితో సహా కోసేయాలి.
3. సంచి తీశాక పక్కల రెండు వైపులా కత్తితో నిలువుగా గీత పెట్టాలి, చుట్టుకున్న వేరు తెగాలి.
4. గొయ్యి లోతుకన్నా వెడల్పు ఎక్కువుండాలి. అడుగు మట్టి గట్టిగా తొక్కకూడదు.
5. కర్ర కట్టకూడదు.

వేళ్లు కోస్తుంటే చేతులాడలేదు. 70లో 4 పోయాయి, అంతే. పాతవాటిలో ఇంకో 5 పోయాయి.

మొక్కలు 70 × 5 = 350, కూలీ 400.
ఇప్పటిదాకా: రూ. 8,530. బతికున్నవి: 414.

దశ 4: గోడ కాదు, జల్లెడ (2021 జనవరి - ఫిబ్రవరి)

చేతిలో పట్టుకునే గాలి మీటరు కొన్నాను, 1,450. మా వరుసలింకా మూడున్నర మీటర్లే, అందుకని పక్క తోటల్లో ఆరేసి మీటర్ల ఎత్తున్న రెండు అడ్డుల వెనక కొలిచాను. ఒకటి గుంజల కోసం దట్టంగా పెట్టిన సరుగుడు, రెండోది ఆకు మధ్య నుంచి ఆకాశం కనిపించే పాత జంట వరుస. నేల నుంచి మీటరున్నర ఎత్తులో, ఒక్కోచోట పది నిమిషాలు. బయట ఖాళీలో గాలి సెకనుకి 5.8 మీటర్లు.

దట్టమైన అడ్డు వెనక: 12 మీటర్ల దగ్గర 1.2, 30 దగ్గర 2.9, 60 దగ్గర 4.4, 90 దగ్గర 5.4.
పల్చటి అడ్డు వెనక: 12 దగ్గర 2.7, 30 దగ్గర 2.6, 60 దగ్గర 3.4, 90 దగ్గర 4.5.

అంటే దట్టమైనది దగ్గర్లో గాలిని ఆపేస్తుంది కానీ దూరం వెళ్లేసరికి పని చేయదు. పైగా దాని వెనక గాలి తిన్నగా రాదు, పైనుంచి దూకి సుడి తిరుగుతుంది, తడి కొబ్బరి పీచు కాల్చి పొగ పెట్టి చూస్తే పొగ వెనక్కి, అంటే అడ్డు వైపే వచ్చింది. మనక్కావాల్సింది గాలిలో సగం దాకా లోపలికి రానిచ్చి దాని బలం చీల్చే అడ్డు. నలభై నుంచి యాభై శాతం ఖాళీ ఉంటే మేలు.

ఖాళీ కొలవడానికి యంత్రం అక్కర్లేదు. అడ్డుకి ఎదురుగా నిలబడి ఆకాశం వెనక ఉండేలా ఫొటో తీసి, దాని మీద 24 × 16 గడులు గీసి, ఆకాశం కనిపించే గడులు లెక్కపెట్టాను. మా మూడు వరుసలకి 384లో 85 వచ్చాయి, 22 శాతం. దట్టమైన గోడే కట్టుకుంటున్నామన్నమాట! మధ్య వరుసలో ఒకటి విడిచి ఒకటి, మొత్తం 60 కొట్టేశాను. మళ్లీ లెక్కపెడితే 158, అంటే 41 శాతం.

బండి దారి సంగతి ఇంకా అన్యాయం. అడ్డు మధ్యలో రెండు మీటర్ల సందు వదిలాం. ఆ సందులో గాలి 7.1, బయట ఖాళీలో ఉన్నదానికన్నా ఎక్కువ! సందుకి సూటిగా ఉన్న రెండు కొబ్బరి చెట్లు సరుగుడు నాటాక మామూలు ఈదురుగాలికే మట్టలు పోగొట్టుకుంటూ ఉండేవి, కారణం ఇదే కాబోలు. దారిని ఏటవాలుగా తిప్పి, సందు ముందు మొగలి పిలకలు పెట్టాను. పిలకలు ఊరిలోనే దొరికాయి, ఖర్చు లేదు, ముళ్లకి చేతులు మాత్రం చీరుకుపోయాయి.

ఇప్పటిదాకా: రూ. 9,980. బతికున్నవి: 354.

దశ 5: చెట్టుని లాగి చూడటం (2021 ఫిబ్రవరి, మళ్లీ జులై)

సరుగుడు పెరిగేలోపు మిగిలిన కొబ్బరి, జీడి ఎంత గట్టిగా ఉన్నాయో తెలియాలి. పెద్ద చెట్లని పరీక్షించేవాళ్లు తాడు కట్టి లాగి, మొదలు ఎంత వంగిందో చూస్తారు. మొదలు పావు డిగ్రీ వంగితే ఆపేయాలి, అక్కడిదాకా వేళ్లకి దెబ్బ తగలదు.

సామాన్లు: బరువులు లాగే టన్ను చైన్ బ్లాక్ (అద్దె రోజుకి 300), వేలాడదీసే డిజిటల్ కాటా, రెండు బెల్టులు, 12 మి.మీ. నైలాన్ తాడు. లంగరు తాడిచెట్టు మొదలు.

మొదటిరోజే బెల్టు జారింది. నైలాన్ తాడు రబ్బరులా సాగి బలం దాచుకుంటుందని ఫిట్టర్ని అయ్యుండి కూడా మర్చిపోయాను. కొక్కెం ఎగిరి కాటా అద్దం పగలగొట్టింది, ఒక జానెడు ఇటు వచ్చుంటే నా దవడ. తాడు మూలన పడేశాను. తర్వాత నుంచి బెల్టు, గొలుసు మాత్రమే, మధ్యలో తడిపిన గోనెసంచి వేలాడదీసేవాణ్ని, తెగితే ఎగరకుండా. లాగే గీతకి తిన్నగా ఎవరూ నిలబడకూడదు, ఇది మాత్రం ఎవరు చేసినా మర్చిపోకండి.

రెండో తప్పు ఫోను. కోణం చూపించే యాప్ పెడితే అంకె దానంతటదే మారుతూ ఉంది. దాన్ని వదిలి, మొదట్లో రెండు మీటర్ల సన్నటి వెదురుని నిటారుగా బిగించి, దాని కొస పక్కనే విడిగా పాతిన గుంజకి స్కేలు కట్టాను. రెండు మీటర్ల దగ్గర పావు డిగ్రీ అంటే దాదాపు 9 మి.మీ. కళ్లతోనే చూడొచ్చు.

కొబ్బరికి ఆరు మీటర్ల ఎత్తులో కట్టి, 12 మీటర్ల దూరం నుంచి లాగాను. కాటా 200 కిలోలు చూపిస్తే, గొలుసు ఏటవాలు కాబట్టి అడ్డంగా పడేది దాదాపు 180. జీడికి రెండున్నర మీటర్ల ఎత్తులో.

- కొబ్బరి, పొడి నేల: 200 కిలోలకి మొదలు 4 మి.మీ.
- అదే కొబ్బరి, రెండు రోజులు వాన పడ్డాక జులైలో: 200 కిలోలకి 7 మి.మీ.
- జీడి, పొడి నేల: 120 కిలోలకే 9 మి.మీ., ఆపేశాను.
- అదే జీడి, వాన తర్వాత: 85 కిలోలకే 9 మి.మీ.

కొబ్బరి మొదలు పెద్దగా కదలకపోయినా కట్టిన చోట కాండం ఏడు సెంటీమీటర్లు వంగింది, వదలగానే వెనక్కి వచ్చింది. దాని కాండంలో గట్టి పీచు అంచుల్లో ఎక్కువ, లోపల మెత్తన. తల్లివేరు ఉండదు, ఒకే లావున్న వేళ్లు వేలకొద్దీ మొదలు చుట్టూ అల్లుకుని ఇసుకని పట్టుకుంటాయి. జీడి కాండం అసలు వంగలేదు, చెట్టు మొత్తం పెళ్లతో సహా కదిలింది. లాగిన బలాన్ని కాండం ఏమాత్రం మింగలేదు కాబట్టి అంతా వేళ్ల మీదే పడింది.

కాటా 2,600. బాగుచేయలేదు, పగిలిన అద్దంతోనే అంకె కనిపిస్తోంది. చైన్ బ్లాక్ మూడు రోజులు 900. బెల్టులు 700. వృథా తాడు 640.
ఇప్పటిదాకా: రూ. 14,820.

దశ 6: జీడికి కొమ్మ తగ్గించడం (2021 జులై)

గాలి వేగం రెట్టింపైతే దాని తోపు, అంటే తోసే బలం, నాలుగింతలు. గంటకు 50 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు పలక మీద దాదాపు 12 కిలోలు తోస్తుంది, 100 అయితే 47, 150 అయితే 106. ఆకులు ముడుచుకుని కొమ్మలు వెనక్కి వాలతాయి కాబట్టి చెట్టు మీద అంత పడదు, అయినా తల ఎంత చిన్నదైతే అంత నయం. మిగిలిన 13 జీడి చెట్లకి గింజ ఏరడం అయ్యాక:

1. ముందు ఎండు కొమ్మలు, ఒకదాని మీద ఒకటి రాసుకునేవి.
2. తర్వాత బయటి కొమ్మల కొసలు, పక్కకొమ్మ ఉన్న చోటికి కోయాలి.
3. తల నరకొద్దు. నరికితే బలహీనమైన పిలకలు గుంపుగా వస్తాయి, అవి మొదటి గాలికే ఊడతాయి.

మూడు చెట్లకి నేను లేనప్పుడు కూలీలు లోపలి కొమ్మలన్నీ తీసేసి కొసల్లో మాత్రం ఆకు వదిలేశారు. చూడ్డానికి శుభ్రంగా ఉంది, కానీ బరువంతా కొసకి పోతే కొమ్మ ఇంకా ఎక్కువ ఊగుతుంది. పని చెప్పి వెళ్లిపోయిన తప్పు నాదే.

కొబ్బరికి ఎండు మట్టలు, బరువు గెలలు మాత్రమే దించాం. అంతకుముందు ఏడాది తుపాను హెచ్చరిక విని భయంతో పది చెట్లకి పచ్చి మట్టలు కూడా కోయించాను. తుపాను ఇటు రాలేదు, ఆ పది చెట్లకీ కాపు బాగా తగ్గింది. కొబ్బరి మట్ట గాలికి దానంతటదే మడుచుకుంటుంది, దానికి నా సాయం అక్కర్లేదు.

కూలీ 2,400.
ఇప్పటిదాకా: రూ. 17,220.

దశ 7: గులాబ్ (2021 సెప్టెంబరు 26)

గులాబ్ తుపాను ఆదివారం రాత్రి కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటింది, గాలి గంటకు 75-85, విసురు 95. మేము దానికి ఉత్తరం వైపు ఉన్నాం కాబట్టి గాలి తూర్పు నుంచి, సముద్రం మీద నుంచి నేరుగా వచ్చింది. చీకటి పడకముందు కొలిచినవి: ఖాళీలో సెకనుకి 14.2 మీటర్లు, అడ్డు వెనక 25 మీటర్ల దగ్గర 6.9. తర్వాత మీటరు జేబులో పెట్టుకుని ఇంట్లోకి పోయాను.

పొద్దున లెక్క:

- కొబ్బరి 75లో పడినవి 0.
- జీడి 13లో పడింది 1. ఆ కొసల్లో ఆకు వదిలిన మూడింటిలో ఒకటి.
- సరుగుడు 354లో విరిగినవి 6, వాలినవి 19. విరిగిన ఆరూ 2019లో బిగించి కట్టినవే, ఆరింటికీ ఎత్తు-మందం లెక్క వంద పైనే.
- 2020లో వేళ్లు కోసి పెట్టిన 66లో వాలినవి 2.

వాలినవాటిని రెండు రోజుల్లోపే లేపి, తల మూడో వంతు కోసి, కింద వదులుగా కట్టాను. 14 నిలబడ్డాయి.

ఇది చూసి తోట గట్టిపడిపోయింది అనుకోవడం లేదు. తిత్లీ గాలి 145, గులాబ్ గాలి 80 అనుకుంటే, తిత్లీ తోపు గులాబ్ తోపుకి మూడింతలకి పైగా. పైగా మాకు కన్ను రాలేదు, గాలి దిక్కు మారి రెండోసారి కొట్టలేదు. పడమర గట్టు మీద ఇంకా ఏమీ లేదు, తిత్లీ రోజు ఎక్కువ చెట్లని పడగొట్టింది ఆ వైపు గాలే. వచ్చే జులైలో అటు కానుగ, పొన్న, గంగరావి కలిపి రెండు వరుసలు, అన్నీ చిన్న మొక్కలు, కర్రల్లేకుండా.

కూలీ 400.
ఇప్పటిదాకా: రూ. 17,620. బతికున్నవి: 343.

చివరి నోటు (2021 డిసెంబరు)

సరుగుడు వ్యాపారి వచ్చాడు. ఇంకో రెండేళ్లకి కాగితం మిల్లుకి పనికొస్తాయి, ఇప్పుడే బయానా ఇస్తానన్నాడు. నాన్న నా మొహం చూశాడు. నేను 2018 నాటి పుస్తకం తెచ్చి 36లో 22 అని రాసిన పేజీ తీసి పెట్టాను. బేరం ఇలా తెగింది: కొట్టేది మధ్య వరుస ఒక్కటే, అదీ ఉత్తరం సగం ఒక ఏడాది, దక్షిణం సగం రెండేళ్ల తర్వాత, జనవరిలో మాత్రమే. బయటి రెండు వరుసల జోలికి రాకూడదు. వ్యాపారి రేటు తగ్గించాడు. నాన్న సరేనన్నాడు.